థెరపీతో కలిపి డేకేర్ అంటూ ఆరు నెలల ఫీజు ముందే అడుగుతున్నారా? కట్టే ముందు చదవండి

రెండేళ్లు దాటినా మాటలు రాని పిల్లల్ని, నడక ఆలస్యమైన పిల్లల్ని, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని పిల్లల్ని మామూలు డేకేర్లు చాలావరకు చేర్చుకోవు. ఆ కష్టం చూసే 'పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా డేకేర్, థెరపీలన్నీ ఇక్కడే' అనే ప్యాకేజీలు అమ్ముతున్నారు. అందులో నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు. కానీ డబ్బు కట్టి నష్టపోయినవాళ్ల గోడు వింటే, మోసం జరిగే తీరు ఒకేలా ఉంటుంది.

మొదటి రోజు పెద్ద డిగ్రీలున్న సీనియర్ గంటసేపు పిల్లవాణ్ని పరీక్షించి, నాలుగు పేజీల రిపోర్టు ఇస్తారు. మీకు నమ్మకం కుదిరేది అక్కడే. మర్నాటి నుంచి పిల్లవాడు ఉండేది ట్రైనీ దగ్గరో ఆయా దగ్గరో. నెలకు 25 వేల చొప్పున ఆరు నెలలకు లక్షన్నర కట్టారనుకోండి. రోజుకు రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు అన్నారు. నెలకు 22 పనిదినాలంటే 33 గంటలు. తీరా చూస్తే అది 'గ్రూప్ థెరపీ', ఎనిమిది మంది పిల్లలకు ఒక్క మనిషి. మీ బిడ్డ వంతుకు నెలంతా కలిపి వచ్చేది నాలుగు గంటలే. కాగితం మీద 'థెరపీ' అని ఉంటుంది గానీ, విడిగానా గుంపులోనా, ఎవరు, ఎంతసేపు అన్నది ఉండదు. ఆ మూడూ రాసి ఇవ్వనిదే ఒక్క రూపాయి కట్టకండి.

చేయించే మనిషి ఎవరో తేల్చుకోవడం తేలికే. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు ఎవరైనా 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదై ఉండాలి. వాళ్లకు సీఆర్‌ఆర్ అనే నమోదు నంబరు ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు, గడువు తీరిందేమో కూడా గమనించండి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేవాళ్లు), ఫిజియోథెరపిస్టులు ఆ జాబితాలోకి రారు. మొదటివాళ్ల దగ్గర బీఓటీ, రెండోవాళ్ల దగ్గర బీపీటీ డిగ్రీ అడగాలి. 'మా సెంటర్‌కు ఆర్‌సీఐ గుర్తింపు ఉంది' అంటే అక్కడే ఆగండి. ఆ కౌన్సిల్ గుర్తింపు మనుషులకూ కోర్సులు నడిపే సంస్థలకూ, థెరపీ సెంటర్‌కు కాదు. 'ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ' అన్నవాళ్ల దగ్గరైతే ఇక కూర్చోనవసరం లేదు, అలాంటి హామీ ఏ థెరపిస్టూ ఇవ్వలేరు.

థెరపీ తక్కువైతే డబ్బూ కాలమూ పోతాయి. సంరక్షణ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే భోజనం వేళ తప్పకుండా వెళ్లి చూడండి. కండరాలు వదులుగా ఉన్న పిల్లలు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు త్వరగా మింగలేరు. పడుకోబెట్టి గానీ, తల వెనక్కి వంచి గానీ పెడితే ముద్ద దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, న్యుమోనియా వస్తుంది. వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టి, చిన్న స్పూనుతో కొద్దికొద్దిగా పెట్టి, మింగాడని చూశాకే రెండోది పెట్టాలి. ఇలా తినిపించడానికి ఒక్కో బిడ్డకు అరగంట పడుతుంది. ఒక ఆయాకు ఆరుగురు పిల్లలుంటే ఆ అరగంట ఎక్కణ్నుంచి వస్తుంది? పప్పన్నం మిక్సీలో వేసి గటగటా తాగించేస్తారు. నమలడం నేర్చుకోవాల్సిన వయసు అలా వృథా అవుతుంది. తినేటప్పుడు తరచూ పొలమారుతున్నా, తిన్నాక గొంతులో గరగరమంటున్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఫిట్స్ వచ్చే బిడ్డయితే ఆయానే అడగండి, మేనేజరును కాదు: 'ఫిట్స్ వస్తే ఏం చేస్తావమ్మా?' పక్కకు తిప్పి పడుకోబెడతాను, నోట్లో ఏమీ పెట్టను, టైము చూస్తాను, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్తాను అని చెప్పాలి. చేతిలో తాళంచెవులు పెడతాననో, ఉల్లిపాయ వాసన చూపిస్తాననో అంటే ఆమెకు ఎవరూ నేర్పలేదన్నమాట. తప్పు ఆమెది కాదు, ఫీజు తీసుకుని శిక్షణ ఇవ్వనివాళ్లది. ఫిట్స్ మందు మధ్యాహ్నం వేయాల్సి ఉంటే 'ఒక స్పూను' అని చెప్పకండి. ఎన్ని మి.లీ. అన్నది రాసి, కొలత సిరంజి కూడా పంపండి. ఇంటి స్పూన్లు ఒక్కోటి ఒక్కో కొలత.

బెల్టులున్న కుర్చీ ఇంకో సంగతి. కూర్చోలేని బిడ్డకు అది మంచి పరికరమే, తినేటప్పుడూ ఆడించేటప్పుడూ కాసేపు వాడటానికి. నడవగలిగే, పరుగులు తీసే పిల్లల్ని కూడా అందులో కట్టి, ఎదురుగా ఫోనులో రైమ్స్ పెట్టి వదిలేస్తుంటారు. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మాటలే రాని బిడ్డకు ఎదురుగా మాట్లాడే మనిషి కావాలి. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు తొడల మీద, నడుము చుట్టూ బెల్టు ఒరిపిడి గీతలున్నాయేమో చూడండి. పొద్దున మీరు వేసిన డైపరే బరువుగా వేలాడుతూ వచ్చిందా చూడండి. మాటల్లేని పిల్లల విషయంలో ఒళ్లే సాక్ష్యం.

రోజువారీ నోట్‌బుక్ మరో ఆనవాలు. 'ఐ కాంటాక్ట్ ఇంప్రూవ్డ్, సిట్టింగ్ గుడ్' అని సోమవారం నుంచి శుక్రవారం దాకా అవే మాటలు, అదే పెన్ను, అదే వాలు. శుక్రవారం మధ్యాహ్నం ఒక్కసారే కూర్చుని రాసేశారన్నమాట. నిజంగా పనిచేసిన థెరపిస్టు రాత ఇలా ఉంటుంది: 'బంతి ఇవ్వు అని పదిసార్లు అడిగితే నాలుగుసార్లు ఇచ్చాడు, రెండుసార్లు చెయ్యి చూపించాల్సి వచ్చింది.'

చేర్చే ముందు కనీసం మూడు రోజులు మీరు పక్కనే ఉండి ట్రయల్ అడగండి. తర్వాత కూడా చెప్పకుండా వెళ్లే హక్కు రాతలో ఉండాలి. 'పేరెంట్స్ వస్తే పిల్లలు డిస్టర్బ్ అవుతారు' అనేది కొన్ని సెషన్లకు నిజమే. కానీ అద్దం లోంచో కెమెరాలోనో కూడా చూపించం అని వాళ్లంటే అది పిల్లల కోసం పెట్టిన నియమం కాదు. ఫీజు నెలనెలా మాత్రమే కట్టండి.

తొందరలో సంతకం పెట్టకుండా ఉండాలంటే చేతిలో మరో దారి ఉండాలి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా స్థాయిలో నడిచే డీఈఐసీ (ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే పట్టి థెరపీ ఇచ్చే) కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్లో ఉన్న, మేధో వైకల్యం గలవారి జాతీయ సంస్థ నీపిడ్‌లో ఆరేళ్ల లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఉంది. ఇవి రోజంతా ఉంచుకునే చోట్లు కావు. కానీ అక్కడ అసెస్‌మెంట్ చేయించి, లక్ష్యాలు రాయించుకుని వస్తే, ప్రైవేటు సెంటర్లో ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ఇప్పటికే కట్టేసి ఉంటే, మానేస్తున్నట్టు ఈమెయిల్లో తేదీతో రాయండి. జరిగిన సెషన్లు, మిగిలిన సెషన్లు లెక్కకట్టి మిగతా డబ్బు అడగండి. 'నాన్ రిఫండబుల్' అని రసీదు మీద ఉందని వదిలేయకండి, 2019 వినియోగదారుల చట్టం ఏకపక్ష ఒప్పందాలను ప్రశ్నించనిస్తుంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కదలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కట్టిన వ్యవహారాలకు కోర్టు ఫీజు లేదు. బిడ్డ ఒంటి మీద దెబ్బలుంటే అది డబ్బు తగాదా కాదు. అదే రోజు డాక్టరుకు చూపించి రాతలో తీసుకోండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. కెమెరా రికార్డింగు చెరపకుండా ఉంచమని ఆ రోజే సెంటర్‌కు రాతపూర్వకంగా పంపండి. హార్డ్‌డిస్కు నిండగానే పాతదాని మీదే కొత్తది రికార్డవుతుంది.