లైసెన్సు ఆఫీసు తెరిచారు: వెంటనే వెళ్లాలా, ఇంటి నుంచే కానివ్వాలా, ఆగాలా? ఏది మేలు?

2020 మే నెలలో అమెరికా నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కరోనాతో మూసేసిన డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులు తెరుస్తున్నారట. ఇద్దరం పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడదామనుకుంటున్నాం" అన్నాడు. వాడిది రెన్యూవల్. అడ్రసు మారలేదు, పేరు మారలేదు. మరదలిది మొదటి లైసెన్సు. ఫిబ్రవరిలో నేర్చుకునేవాళ్లకిచ్చే పర్మిట్ తీసుకుంది, రోడ్డు టెస్టు మిగిలి ఉంది. "నువ్వు వెళ్లకు, ఆ అమ్మాయికి మాత్రం ఎంత త్వరగా స్లాటు దొరికితే అంత త్వరగా తీసుకో" అన్నాను. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు మాటలేమిటని వాడు అడిగాడు. ఆ రోజు ఫోన్లో చెప్పిన దానికి, తర్వాత రెండేళ్లలో చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మనిషి ముందు మూడు దారులున్నాయి: తెరిచిన వెంటనే ఆఫీసుకు వెళ్లడం, ఆన్‌లైన్లోనో పోస్టులోనో పని ముగించడం, ప్రభుత్వం ఇచ్చిన గడువు పొడిగింపును నమ్ముకుని ఆగడం.

ముందు "తెరిచారు" అన్న మాట సంగతి. కాలిఫోర్నియాలో డీఎంవీ ఆఫీసులు, అంటే లైసెన్సులిచ్చే రవాణా శాఖ ఆఫీసులు, మార్చి 27న జనానికి మూసేశారు. మే 8న తెరిచినవి 25 మాత్రమే. మిగతావన్నీ తెరుచుకునేసరికి జూన్ 11 అయింది. అప్పటికీ రోడ్డు టెస్టులు లేవు, అవి జూన్ 26న గానీ మొదలవలేదు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కౌంటర్ దగ్గర మధ్యలో అద్దం పెట్టవచ్చు, మనుషుల్ని ఆరడుగుల దూరంలో నిలబెట్టవచ్చు. కారులో పరీక్ష పెట్టే మనిషి పక్క సీట్లోనే కూర్చోవాలి. బ్రిటన్‌లో కూడా అంతే, ఇంగ్లండ్‌లో కార్ల టెస్టులు జులై 22న మళ్లీ మొదలయ్యాయి. అందుకే తలుపు తెరిచారా లేదా అన్నది కాదు, నా పనికి సంబంధించిన కౌంటర్ తెరిచారా అన్నది చూసుకోవాలి.

వెంటనే వెళ్లడం ఎవరికి మేలు? మనిషి ఎదురుగా ఉంటే తప్ప జరగని పని ఉన్నవాళ్లకు. రోడ్డు టెస్టు అందులో మొదటిది. తెరిచిన తలుపు తెరిచే ఉంటుందన్న నమ్మకం ఆ ఏడాది లేదు. కాలిఫోర్నియాలోనే డిసెంబరులో కేసులు పెరగగానే రోడ్డు టెస్టులు మళ్లీ ఆపేశారు. వేసవిలో "రద్దీ తగ్గాక చూద్దాం" అనుకున్నవాళ్లు చలికాలంలో మళ్లీ ఇరుక్కున్నారు. బ్రిటన్‌లో దెబ్బ ఇంకా గట్టిది. అక్కడ రోడ్డు టెస్టుకు ముందు రాసే థియరీ పరీక్ష పాసైన సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. ఆ గడువు పొడిగించమని ఎంతమంది అడిగినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రాక్టికల్ టెస్టుకు తేదీ దొరక్క, ఈలోగా సర్టిఫికెట్ గడువు దాటిపోయి, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ చదివి రాసినవాళ్లున్నారు. చేతిలో గడువున్న కాగితం ఉన్నవాళ్లు ఆగకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

వీసా మీద అమెరికాలో ఉండేవాళ్లది ఇంకో రకం. లైసెన్సులకు దేశమంతా ఒకే కనీస ప్రమాణాలు పెట్టిన 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, తాత్కాలికంగా ఉండేవాళ్లకు ఇచ్చే రియల్ ఐడీ లైసెన్సు గడువు వాళ్లకు దేశంలో ఉండే అనుమతి ఎంతకాలమో అంతకాలమే. వీసా పొడిగిస్తే కొత్త కాగితాలు చూపించి లైసెన్సునూ మళ్లీ పొడిగించుకోవాలి. ఇలాంటివాళ్లు మొదటి వారాల్లోనే అపాయింట్‌మెంట్ కోసం పట్టుబట్టడం న్యాయం.

అదే చట్టం పేరు మీద అనవసరంగా పరిగెత్తినవాళ్లూ ఉన్నారు. విమానం ఎక్కడానికి రియల్ ఐడీ ఉండాలన్న గడువు మొదట 2020 అక్టోబరు 1. మహమ్మారి రాగానే దాన్ని 2021 అక్టోబరుకు జరిపారు, ఆ తర్వాత 2023 మే 3కు, చివరికి 2025 మే 7కు. పాత లైసెన్సు ఇంకా చెల్లుతుండగా కేవలం ఆ కార్డు కోసం 2020 జూన్‌లో ఎండలో నిలబడాల్సిన పని ఎవరికీ లేదు.

ఇక ఇంటి నుంచే చేసుకోవడం. మామూలు రెన్యూవల్‌కు, పోయిన కార్డుకు బదులు కార్డుకు, అడ్రసు మార్పుకు నా ఓటు దీనికే, రెండో ఆలోచన లేదు. మన దేశంలో 2021 మార్చి 3న కేంద్ర రవాణా శాఖ ఆధార్ ధ్రువీకరణతో 18 సేవల్ని ఆఫీసు గడప తొక్కకుండా చేసుకునే వీలు కల్పించింది. లెర్నర్ లైసెన్సు, టెస్టు అక్కర్లేని రెన్యూవల్, డూప్లికేటు, అడ్రసు మార్పు అందులో ఉన్నాయి. నిజానికి ఇది మహమ్మారి లేకపోయినా జరగాల్సిన పని. ఇక్కడ చిక్కల్లా చిన్న చిన్న విషయాల్లోనే వస్తుంది. ఆధార్‌లో పేరు ఒకలా, లైసెన్సులో ఇంకోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అడ్రసు మార్చకుండా రెన్యూవల్ నొక్కితే కార్డు పాత ఇంటికి పోతుంది. ప్రభుత్వ సైటులా కనిపిస్తూ సర్వీసు చార్జీ గుంజే ప్రైవేటు సైట్లు ఏ దేశంలో చూసినా ఉన్నాయి, డబ్బు కట్టేముందు చిరునామా ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఈ దారిని నేను ఇంతగా సమర్థించడానికి ఇంకో కారణం ఉంది. ఆ రోజుల్లో ఆఫీసులో రోజుకు ఇన్ని స్లాట్లేనని లెక్క. ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన మనిషి ఒక స్లాటు తీసుకుంటే, ఉద్యోగానికి లైసెన్సు కావలసిన కుర్రాడొకడు ఇంకో నెల ఆగుతాడు.

మూడోది ఆగడం. ఆగడానికి ప్రభుత్వాలు ధైర్యం ఇచ్చాయి. మన కేంద్రం 2020 మార్చి 30న, ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన కాగితాలు జూన్ 30 దాకా చెల్లుతాయని చెప్పింది. అది సెప్టెంబరుకు, డిసెంబరుకు, మరుసటి మార్చికి, జూన్‌కు, సెప్టెంబరుకు జరుగుతూ 2021 అక్టోబరు 31తో ఆగింది. ఇన్నిసార్లు జరిగేసరికి ఇంకోసారీ జరుగుతుందిలే అన్న ధీమా జనంలో పాతుకుపోయింది. అమెరికాలోని టెక్సస్‌లో ఇలాంటి గడువు మినహాయింపు 2021 ఏప్రిల్ 14న ముగిసింది. బ్రిటన్ వాళ్లు ఫొటో ఉన్న లైసెన్సు కార్డు గడువును ఏకంగా 11 నెలలు, దరఖాస్తు కూడా అడగకుండా పెంచారు.

అయితే పొడిగింపు ఉత్తర్వులో ఉంటుంది, కార్డు మీద ఉండదు. పోలీసు ఆపితే ఉత్తర్వు కాపాడుతుంది. అమెరికా విమానాశ్రయాల్లో భద్రతా సిబ్బంది కూడా 2020 మార్చి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సులను ఏడాది దాకా ఒప్పుకున్నారు. కానీ కారు అద్దెకిచ్చే కౌంటర్లో మనిషి చూసేది కార్డు మీద అచ్చయిన తేదీనే. ఇంకో దేశంలోనైతే మన ఉత్తర్వు గురించి వినేవాడే ఉండడు. కాబట్టి ఆగడం మేలైంది పెద్దవాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు, బండి పెద్దగా బయటికి తీయనివాళ్లకు. కాలిఫోర్నియాలో 70 దాటినవాళ్లు మామూలుగా స్వయంగా వచ్చి రెన్యూవల్ చేసుకోవాలి. ఆ ఏడాది వాళ్ల గడువు పొడిగించడం నాకు చాలా సబబుగా అనిపించింది. మిగతావాళ్లు మాత్రం ఆగాలనుకుంటే, గడువు ముగిసే రోజుకు రెండు నెలల ముందే స్లాటు పట్టుకోవాలి. చివరి వారంలో ఆగినవాళ్లందరూ ఒకేసారి లేస్తారు.

నాలుగో దారి ఒకటి 2020లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం చూపించింది. అసలు రోడ్డు టెస్టే అక్కర్లేదని గవర్నర్ ఉత్తర్వు ఇచ్చారు. దాదాపు 20 వేల మంది కుర్రాళ్లు అలా లైసెన్సు అందుకున్నారు. విమర్శలొచ్చాక, సెప్టెంబరు 30లోగా అందరూ టెస్టు ఇవ్వాల్సిందేనని మళ్లీ చెప్పారు. టెస్టు లేని లైసెన్సు రోడ్డు మీద నడిచే ప్రతివాడికీ ప్రమాదమే. దీన్ని నేను పోలికలోకే తీసుకోను.

మా తమ్ముడు ఆ రాత్రే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పావుగంటలో రెన్యూవల్ ముగించాడు. మరదలి స్లాటు కోసం మాత్రం మూడు వారాలు రోజూ తెల్లవారుజామున సైటు తెరిచి చూశారు, ఎవరో రద్దు చేసుకున్నది ఒకటి దొరికింది. జులైలో టెస్టు. పరీక్ష పెట్టే ఆవిడ ఎక్కుతూనే నాలుగు కిటికీలూ దించమందట. గాలి హోరులో మలుపులు చెబుతుంటే మాస్కు వెనకాల మాట సరిగా వినపడక రెండుసార్లు మళ్లీ అడగాల్సి వచ్చిందట. పాసైంది.