పర్షియన్ పిల్లి కొనేవాళ్లు జాగ్రత్త, ముఖ్యంగా ఇంట్లో ఇంకో పిల్లో కుక్కో ఉంటే

విజయనగరం నుంచి పర్షియన్ కూనల్ని అమ్మే ఆ పేజీ మీలో చాలామందికి తెలుసు. తెల్ల దుప్పటి మీద కూనల్ని వరసగా కూర్చోబెట్టి, మెడలో రిబ్బన్ కట్టి ఫొటోలు పెడుతుంటాడు. కేసు వేస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. దయచేసి అక్కడ కొనకండి. ఇప్పటికే అడ్వాన్స్ పంపేసినవాళ్లు ఉంటే, కూనని ఇంటి గడప దాటించే ముందు ఇది పూర్తిగా చదవండి.

మాది శ్రీకాకుళం. ఇంట్లో చిట్టి అని ఏడేళ్ల నాటు పిల్లి, భీముడు అని ఒక కుక్క ఉన్నాయి. భీముడు వీధిలో దొరికాడు, చిట్టి దగ్గరే పెరిగాడు, పిల్లుల జోలికి పోడు. మా అమ్మాయి ఆరో తరగతి. పర్షియన్ కావాలని ఏడాదిగా అడుగుతోంది. అడగ్గానే సరే అనలేదు. మా ఇంటికి ఆ పిల్లి సరిపోతుందా లేదా అని చాలా ఆలోచించాం. పెద్ద పిల్లి ఉన్న ఇంట్లోకి ఇంకో పెద్ద పిల్లిని తెస్తే చోటు కోసం నెలల తరబడి కొట్టుకోవచ్చు. చిన్న కూననైతే కాస్త తొందరగా రానిస్తుంది. కుక్క సంగతి వేరు. కూనలకి పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపల ఏవి అలవాటైతే వాటికి పెద్దయ్యాక కూడా అంతగా భయపడవు. ఆ వయసులో కుక్కని దగ్గరగా చూసిన కూన అయితేనే భీముడితో ఇబ్బంది ఉండదు. పైగా పర్షియన్ నెమ్మదిగా ఉండే జాతి, నాటు పిల్లిలా ఒక్క గెంతులో గోడెక్కి తప్పించుకోలేదు. ముక్కు బాగా నొక్కుకుపోయిన పంచ్ ఫేస్ పిల్లికి మన మే నెల ఉక్కలో ఊపిరాడటమే కష్టం. అందుకని కాస్త ముక్కున్న డాల్ ఫేస్ తీసుకుందాం అనుకున్నాం. బొచ్చు రోజూ దువ్వకపోతే ఉండలు కట్టేస్తుందని తెలుసు, ఆ పని నాది అని అమ్మాయి ఒప్పుకుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇవన్నీ నేను అతన్ని అడిగాను. మా ఇంట్లో ఏమేం ఉన్నాయో నేనే ముందుగా చెప్పాను. ముసలి కాకపోయినా వయసు మీద పడుతున్న పిల్లి ఉంది, కుక్క ఉంది, కూన కుక్కని ఎప్పుడైనా చూసిందా అని అడిగాను. "భలే చెప్పారక్కా, మా ఇంట్లో ల్యాబ్ (లాబ్రడార్ కుక్క) ఉంది, కూనలన్నీ దాని పక్కనే పడుకుంటాయి, మీ ఇంటికైతే ఇదే కరెక్ట్" అన్నాడు. మూడు నెలలు నిండాయన్నాడు. రెండు టీకాలు పడ్డాయన్నాడు. తల్లిదండ్రులకి కిడ్నీ పరీక్ష చేయించారా అంటే (పర్షియన్లలో మూత్రపిండాల్లో తిత్తులు వచ్చే జబ్బు వంశపారంపర్యంగా ఉంటుంది, దానికి జన్యు పరీక్ష కూడా ఉంది) "అవన్నీ ఫారిన్‌లో అక్కా" అన్నాడు. పెడిగ్రీ కాగితాలకి ఇంకో మూడు వేలు కట్టాలి, కొరియర్లో వస్తాయన్నాడు. పెడిగ్రీ అంటే కూన తాతముత్తాతల పేర్లతో క్యాట్ క్లబ్ రిజిస్టర్ చేసి ఇచ్చే కాగితం. కూన అమ్ముడయ్యాక డబ్బు కడితే పుట్టుకొచ్చేది కాదు. కాగితాలు వద్దు, ఆరోగ్యంగా ఉంటే చాలన్నాం. పద్నాలుగు వేలకి మాట్లాడుకున్నాం.

ఆదివారం సాయంత్రం మా ఆయన, నేను, అమ్మాయి విజయనగరం వెళ్లాం. గేటు దాటనివ్వలేదు. తల్లి మళ్లీ ఈనింది, కొత్తవాళ్లని చూస్తే పిల్లల్ని చంపేస్తుంది అన్నాడు. తల్లిని ఫోన్లో వీడియోలో చూపించాడు. ల్యాబ్ ఎక్కడ అంటే మేడ మీద కట్టేశామన్నాడు. మేం ఉన్నంతసేపూ ఒక్క మొరుగుడు కూడా వినిపించలేదు. బుట్టలో కూనని పట్టుకొచ్చి అమ్మాయి చేతిలో పెట్టాడు. గోధుమ రంగు, ఒళ్లంతా ఘుమఘుమలాడే పౌడర్. చెవుల వెనక, మెడ చుట్టూ మరీ ఎక్కువ. "గ్రూమింగ్ చేశాం అక్కా, రెండు రోజులు స్నానం చేయించకండి" అన్నాడు. అమ్మాయి మొహం చూస్తే అప్పటికే ఆ కూన తనదైపోయింది. డబ్బులు ఫోన్లో పంపించాం. టీకాల పుస్తకం ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక కూనని మేడ మీద గదిలో పెట్టాం. కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి. చిట్టికీ భీముడికీ ఆ గది తలుపు కూడా చూపించలేదు. వేరే లిట్టర్ బాక్స్, వేరే గిన్నెలు, అన్నీ వేరే. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన ముందు తూకం మీద పెట్టారు. 620 గ్రాములు. మూడు నెలలు నిండిన కూన కిలో పైనే ఉండాలి. తర్వాత నోరు తెరిచి చూశారు. వెనక పాలపళ్లు ఇంకా సగమే బయటికి వచ్చాయి. కళ్లు ఇంకా పసిపిల్లల నీలం రంగులోనే ఉన్నాయి, అసలు రంగు తిరగలేదు. ఐదు వారాలు, మహా అయితే ఆరు అన్నారు. టీకాల పుస్తకం తీసి చూపిస్తే నెమ్మదిగా మూసేశారు. అందులో మొదటి టీకా తేదీని బట్టి చూస్తే అప్పటికి ఈ కూన పుట్టనే లేదు. డాక్టరు సంతకం లేదు, ముద్ర లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. సీసా మీద నుంచి ఊడదీసి అంటించే స్టిక్కర్ ఉంది కానీ, బ్యాచ్ నంబర్ ఉండే అంచు చింపేసి ఉంది. పిల్లులకి మూడు జబ్బులకి కలిపి వేసే టీకా మొదటి డోసే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. పదహారు వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ పోవాలి. ఈ కూనకి ఒక్కటి కూడా పడలేదు. తల్లి పాలు మాన్పించి తెచ్చి మాకు అంటగట్టాడు.

ఆ తర్వాత డాక్టరుగారు చెవి వెనక వెంట్రుకలు పక్కకి తీశారు. పౌడర్ కింద పావలా కాసంత మేర బొచ్చు లేదు. పొలుసులు, చుట్టూ విరిగిపోయిన పొట్టి వెంట్రుకలు. గది లైటు ఆపి, చేతిలో పట్టుకునే నీలి దీపం వేశారు. చెవి వెనక, గడ్డం కింద, ముందు కాలి వేళ్ల మధ్య వెంట్రుకలు పచ్చి యాపిల్ తొక్క రంగులో మెరిశాయి. తామర. ఈ దీపం కింద అలా మెరిసే రకం తామర పిల్లుల నుంచి కుక్కలకీ మనుషులకీ కూడా అంటుతుంది. పొడుగు బొచ్చు ఉండటం వల్ల పర్షియన్లలో ఇది మరీ ఎక్కువ. రాలిన వెంట్రుకల మీద ఆ ఫంగస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా చావదు.

ఇంత జాగ్రత్త పడ్డా అంటింది. ఆదివారం రాత్రి కారులో కూనని ఒళ్లో పెట్టుకుని వచ్చింది మా అమ్మాయి. ఆ బట్టల మీద, సీటు మీద ఉన్న బొచ్చు చాలు. కొన్నాళ్లకి చిట్టి గడ్డం కింద బొచ్చు ఊడింది. తర్వాత అమ్మాయి మోచేతి లోపల ఎర్రటి గుండ్రటి మచ్చ, దాని పక్కన ఇంకోటి. భీముడికి ఇంతవరకు ఏమీ లేదు, అయినా వాడికీ స్నానాలు తప్పడం లేదు. ఏడేళ్లుగా తన బతుకు తాను బతికిన చిట్టి ఇప్పుడు ఒక గదిలో బందీ. మందు షాంపూ పట్టి పది నిమిషాలు ఉంచాలి, అప్పటిదాకా అది ఏడుస్తూనే ఉంటుంది. రెండు పిల్లులకీ నోటి మందు, వారానికి రెండు స్నానాలు, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతకడం, నేలంతా బ్లీచింగ్ నీళ్లతో తుడవడం. ఫంగల్ కల్చర్ (వెంట్రుకల మీద ఫంగస్ ఇంకా బతికి ఉందో లేదో చూసే పరీక్ష) రెండుసార్లు నెగెటివ్ వచ్చేదాకా ఇదే. అమ్మాయి ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని బడికి వెళ్తోంది.

ఇవి కూడా భరిస్తాను. నేను ఈ పోస్ట్ రాయడానికి కారణం ఈ రోజు మధ్యాహ్నం అతను ఫోన్లో మాట్లాడిన మాటలు.

ఇన్నాళ్లూ మెసేజ్‌లకి జవాబు లేదు. ఈ రోజు వేరే నంబర్ నుంచి చేస్తే ఎత్తాడు. ఫోన్ స్పీకర్లో ఉంది, అమ్మాయి పక్కనే కూర్చుని చేతికి మందు రాసుకుంటోంది. నేను తిట్టలేదు. డాక్టరు రాసిన కాగితం ఉంది, వైద్యం ఖర్చులో సగమైనా ఇవ్వు బాబూ, మిగతా కూనల్ని కొన్నవాళ్లకి కూడా చెప్పు, వాళ్ల ఇళ్లలో కూడా పిల్లలుంటారు అన్నాను. అందుకు అతనన్న మాట ఇది: "మా దగ్గర ఏ పిల్లికీ ఇది లేదు మేడమ్. మీ ఇంట్లో నాటు పిల్లి ఉందని, వీధి కుక్క ఉందని మీరే చెప్పారుగా. వాటి నుంచే అంటింది. వీధి జంతువుల మధ్య పర్షియన్‌ని పెడితే ఇలాగే అవుతుంది."

కూన మంచి కోసం, నేనేదీ దాచకూడదని ముందుగా చెప్పిన మాట అది. ఆ రోజు "భలే చెప్పారక్కా" అన్నవాడు అదే మాటని దాచి ఉంచుకుని, ఈ రోజు నా మీదకే తిప్పాడు. తామర అంటుకున్నాక మచ్చ బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, మా ఇంటికి వచ్చిన మర్నాడే పావలా అంత మచ్చ ఎలా వస్తుంది అని అడిగాను. సమాధానం లేదు. చివరికి, "వద్దనుకుంటే ఎక్కడైనా మార్కెట్ దగ్గర వదిలేయండి, బొచ్చు పిల్లి కదా, ఎవరో ఒకరు పట్టుకుపోతారు" అని పెట్టేశాడు. ఆ నంబర్‌ని కూడా బ్లాక్ చేశాడు. మా అమ్మాయి ఆ మాట వింది. ఏమీ అనకుండా లేచి, మేడ మీదికి వెళ్లి, గది తలుపు బయటే కూర్చుంది. దాన్ని మేం వదలం. ఆరు వందల గ్రాముల ప్రాణం, దానికేం తెలుసు?

ఇంట్లో వేరే జంతువులున్నవాళ్లని ఇలాంటి అమ్మకందార్లు తేలిగ్గా మోసం చేయగలరు. ఏ జబ్బు వచ్చినా "మీవాటి నుంచే" అనేస్తారు. అందుకని కూనని ఇంటికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో అడుగు పెట్టకముందే పరీక్ష చేయించి, తేదీ, బరువు, వయసు అంచనా, చర్మం ఎలా ఉందో రాయించుకోండి. విజయనగరంలో కొంటుంటే ఆ ఊళ్లోనే చూపించండి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడికైనా వెళ్లండి. డాక్టరు చూశాకే మిగతా డబ్బు ఇస్తామనండి. దానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి. తల్లిని కళ్లారా చూడండి. పౌడర్ పట్టించిన కూనని తడిగుడ్డతో తుడిచి చూడండి. వాట్సాప్‌లో అతను మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యే సెట్టింగ్ పెట్టాడు. మా ఆయన ధర, వయసు, టీకాలు రాసిన మెసేజ్‌లకి ఆ రోజే స్క్రీన్‌షాట్లు తీశారు కాబట్టి సరిపోయింది, మీరు కూడా తీసి పెట్టుకోండి.

చట్టం లేక కాదు. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కాకుండా వ్యాపారం చేయకూడదు, ఎనిమిది వారాలు నిండని కూనని అమ్మకూడదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. శ్రీకాకుళంలోనే వేస్తున్నాను. అదే పేజీ దగ్గర మోసపోయినవాళ్లు రసీదులు, స్క్రీన్‌షాట్లు పారేయకండి, విడిగా నాకు మెసేజ్ చేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా కూనతో పాటు అదే ఈతలో ఇంకో మూడు ఉన్నాయి. రెండు గోధుమ రంగువి, ఒకటి తెల్లది. మేం వెళ్లేసరికే అమ్ముడయ్యాయన్నాడు. ఒకటి రాజాం, ఒకటి పలాస వెళ్లాయని అతనే చెప్పాడు, మూడోది తెలియదు. వాటిని కొన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఈ రోజే చెవుల వెనక, గడ్డం కింద, కాలివేళ్ల మధ్య బొచ్చు తీసి చూడండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల చేతులు, మెడ కూడా చూడండి. టీకాల పుస్తకాన్ని నమ్మి ఊరుకోకండి, మళ్లీ మొదటి డోసు నుంచి వేయించండి.