జక్కూరు చెరువులో మూడేళ్లు: చుక్కాని తీసేసి రెండు థ్రస్టర్లు పెట్టాక

బెంగళూరు జక్కూరు చెరువులోకి శుద్ధి చేసిన మురుగునీరు వచ్చి చేరుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎక్కడ ఎంత ఉందో చూడాలని నేనూ మా బావా కలిసి మీటరు పొడవున్న రోబో పడవ ఒకటి కట్టుకున్నాం. రెండు పీవీసీ గొట్టాలు, మధ్యలో బ్యాటరీ పెట్టె, పడవని దానంతటదే నడిపే ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టిన కంట్రోలర్.

మొదట్లో ఒకే మోటారు, వెనక చుక్కాని. చుక్కాని పనిచేయాలంటే దాని మీదుగా నీరు జోరుగా పారాలి. కొలతల కోసం వేగం తగ్గించామో, పడవ మాట వినేది కాదు. అందుకే ఆర్నెల్లకు చుక్కాని పీకేసి, ఎడమా కుడీ ఒక్కో బ్రష్‌లెస్ థ్రస్టర్ (నీళ్లలో మునిగి పడవని తోసే ఫ్యాన్ మోటారు) బిగించాం. ఒకటి ముందుకీ ఇంకొకటి వెనక్కీ తోస్తే పడవ ఉన్నచోటే తిరుగుతుంది. ఎంత హాయో!

ఒక్క చిక్కుంది. ఈ థ్రస్టర్లు వెనక్కి తోసే బలం తక్కువ. త్రాసుకి కట్టి చూస్తే ముందుకి 3.1 కిలోలు, వెనక్కి 2.4. అందుకే తిరిగేటప్పుడు పడవ ముందుకు జారేది. ఆ తేడాని సాఫ్ట్‌వేర్‌లో పెట్టాక కుదురుకుంది.

అసలు శత్రువు గుర్రపుడెక్క. దాని వేళ్లు ఫ్యాన్‌కి చుట్టుకుంటే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. సన్నని జాలీ బిగించాం, చెత్తతో అదే మూసుకుపోయింది. ఇప్పుడు ఏటవాలుగా నాలుగు ఊచలే ఉన్నాయి. కరెంటు పెరగగానే రెండు సెకన్లు వెనక్కి తిప్పితే చాలాసార్లు ఊడిపోతుంది. కాబట్టి మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ అనే సర్క్యూట్ రెండు వైపులా తిప్పగలదే కొనండి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. గాలం దారం మాత్రం ఇలా వదలదు. ఒకసారి బేరింగ్‌లోకి దూరి ఒక మోటారుని పూర్తిగా పాడుచేసింది. ఒంటి మోటారుతో పడవ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతే, చేపలు పట్టే ఒకాయన తెప్పేసుకుని వెళ్లి తెచ్చిపెట్టాడు. ఆ సాయం మరిచిపోలేను. ప్రతి ట్రిప్ తర్వాత ఫ్యాన్ విప్పి చూడటం ఆ రోజు నుంచే అలవాటైంది.

బ్యాటరీ త్వరగా అయిపోతోందని టెన్షన్ పడేవారు వేగం తగ్గించి చూడండి. సగం వేగానికి మోటార్లకు కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతే. సెన్సర్ల ఖర్చు పోను మాకు దూరం మూడింతలైంది.

థ్రస్టర్లు మళ్లీ కొనాల్సొస్తే ఇవే కొంటాను. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక మాట: గాలి ఏ ఒడ్డువైపు వీస్తోందో ఆ ఒడ్డునే నిలబడి పడవ దింపండి. రెండు మోటార్లూ ఆగిపోయినా అది మీ దగ్గరికే కొట్టుకొస్తుంది.