ఫాగ్ లైట్లు వేయించుకున్నాక పైడిభీమవరం ప్రయాణం

శ్రీకాకుళం నుంచి పైడిభీమవరంలోని కర్మాగారానికి తెల్లవారుజామున డ్యూటీకి కారులో వెళ్లే నాకు, ధనుర్మాసంలో 16వ నంబరు జాతీయ రహదారిని కమ్మేసే పొగమంచు ఏటా పెద్ద గండమే. గత ఏడాది చిలకపాలెం దాటాక, మార్జిన్‌లో దీపాలు లేకుండా ఆగి ఉన్న లారీ నాలుగు బారల దూరంలోకి వచ్చేదాకా నాకు కనిపించలేదు. ఆ వణుకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే ఈసారి పట్టణంలోని ఒక విడిభాగాల దుకాణంలో బంపరు కింద ఫాగ్ లైట్ల జత బిగించుకున్నాను. హై బీమ్ వేస్తే మంచు బిందువులు వెలుతురును మన కళ్లలోకే తిప్పికొట్టి ఎదుట తెల్లటి గోడ కట్టినట్టు చేస్తాయి. ఈ ఫాగ్ లైట్ల వెలుగు కిందుగా, వెడల్పుగా పరుచుకుంటుంది కనుక రోడ్డు అంచున ఉన్న తెల్ల గీత స్పష్టంగా తెలుస్తుంది. ఆ గీతనే పట్టుకుని రణస్థలం వరకు నిబ్బరంగా వెళ్లగలుగుతున్నాను.

అయితే మొదట బిగించినప్పుడు లైట్ల ముఖం పైకి ఉండిపోవడంతో ఎదుటివారి కళ్లు చెదిరాయి. తిరిగి వెళ్లగా మెకానిక్ కారును గోడ ముందు నిలిపి, వెలుగు పై అంచు లైట్ల ఎత్తు కంటే కాస్త కిందికి దిగేదాకా ఓపికగా సరిచేసి, పైసా అడగలేదు. వైరింగుకు విడిగా రిలే (స్విచ్ మీద భారం పడకుండా లైట్లకు కరెంటు అందించే పరికరం), ఫ్యూజు పెట్టడం నాకు మరింత నచ్చింది. దూరం చూపు మాత్రం ఈ లైట్లు పెంచవు, వేగం తగ్గించుకోవలసిందే.