ఓరుగల్లు నుంచి మోటుపల్లి దాకా: మాకు దగ్గరి సముద్రం

వరంగల్‌లో ఎవరినైనా సముద్రం చూడాలని ఉందని అడిగి చూడండి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్‌లో దిగొచ్చు అంటారు. వైజాగ్ మీద నాకు కోపమేమీ లేదు. కానీ నలుగురు స్నేహితులు కారులో పోదామనుకున్నప్పుడు అది ఐదు వందల కిలోమీటర్ల పైమాట. పోను ఒక రోజు, రాను ఒక రోజు స్టీరింగ్ పట్టుకోవడానికే సరిపోతాయి. బాపట్ల తీరం అలా కాదు. హనుమకొండలో చీకటితో బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి బాపట్లలో ఉంటాం. మొత్తం 330 కిలోమీటర్లకు అటూ ఇటూ. పైగా కాకతీయుల కాలంలో ఓరుగల్లు సరుకు ఓడలెక్కిన రేవు కూడా ఆ తీరంలోనే ఉంది. ఈ రెండో సంగతి బీచ్‌కు పోయొచ్చిన మావాళ్లలో చాలామందికి తెలియదు.

దారి గురించి ఎక్కువ చెప్పను. వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ మీదుగా ఖమ్మం. వరి కోతల రోజుల్లో రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున స్పీడు తగ్గించాల్సిందే. ఖమ్మంలో టిఫిన్ చేసి, మధిర మీదుగా నందిగామ దగ్గర హైదరాబాద్ హైవే ఎక్కాం. విజయవాడ ఊళ్లో ట్రాఫిక్ ఓపిక పరీక్షించింది. గుంటూరు దాటేటప్పుడు కారు అద్దాలు దించితే మిర్చి ఘాటు ముక్కుకు తగిలింది. మాలో ఒకడు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తాడు. "మన చపాటా మిర్చి ముందు గిదెంత?" అని అక్కడి నుంచి పొన్నూరు దాకా ఉపన్యాసమే.

మొదటి రాత్రి బస బాపట్ల ఊళ్లో. బాపట్ల బీచ్ అయిన సూర్యలంకలో ఏపీ టూరిజం వాళ్ల రిసార్టు ఒడ్డు మీదే ఉంటుంది. కానీ శని, ఆదివారాల్లో గది కావాలంటే చాలా ముందు నుంచే బుక్ చేసుకోవాలి. మాకు దొరకలేదు. ఊళ్లో మామూలు లాడ్జిలో ఏసీ గదులు తీసుకున్నాం. గదులు శుభ్రం, బాత్రూంలో వేడినీళ్లు, కింద మెస్సులో భోజనం. బీచ్ అక్కడికి 9 కిలోమీటర్లే. ఇంకోసారి వెళ్లినా అక్కడే ఉంటాను. ఒడ్డున పడుకుంటేనే సముద్రం చూసినట్టు అనుకునేవాళ్లు కింద రాసిన రామాపురం బీచ్ సంగతి చదివాక నిర్ణయించుకోండి.

శనివారం సాయంత్రం సూర్యలంక అంటే జాతరే. పార్కింగ్‌లో సగం బండ్లు టీఎస్, టీజీ నంబర్లవే. గుర్రాలు, ఇసుక మీద బైకులు, మొక్కజొన్న కంకులు, ఫొటోలు తీస్తామని వెంటపడే కుర్రాళ్లు. స్నానానికి డబ్బులిచ్చి వాడుకునే షవర్లు ఉన్నాయి కానీ లైను పెద్దది. ఆడవాళ్లతో వచ్చినవాళ్లకు బట్టలు మార్చుకునే చోటు ఇంకా మెరుగ్గా ఉండాలి. ఈ రద్దీ చూసి బీచ్ ఇంతేనా అనుకుని తిరిగొచ్చేవాళ్లు చాలామంది.

అదే చోటికి తెల్లవారుజామున రండి. ఈ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. అందుకే చలికాలంలో సూర్యుడు నేరుగా నీళ్లలోంచి లేస్తాడు. ఇసుక చదును, గట్టి. అలలు మోకాళ్ల దాకా వచ్చి వెనక్కి పోతుంటాయి. రాత్రి జనం వదిలేసిన కప్పులు, సీసాలు ఏరుతున్న పారిశుధ్య కార్మికులు, నడకకు వచ్చిన ఊరి పెద్దలు తప్ప ఎవరూ లేరు. పాకాల, లక్నవరం తప్ప పెద్ద నీళ్లు ఎరగని మావాడు ఒకడు చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, చివరికి "గిన్ని నీళ్లున్నయ్, తాగుదమంటే ఒక్క చుక్క పనికిరాదాయె" అన్నాడు.

ఆ మాటకు జవాబు మర్నాడు దొరికింది.

బాపట్ల నుంచి చీరాలకు 216 నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంబడి పోయే రోడ్డు ఇదే. అలలు కనిపించవు. సరుగుడు తోటలు, జీడిమామిడి, తాటిచెట్లు, మధ్యలో రొయ్యల చెరువులు. బండి నడపడానికి మాత్రం హాయి. మధ్యాహ్నానికి చీరాల దగ్గర ఓడరేవు అనే ఊరు చేరాం.

తిండి కోసం వెళ్లేవాళ్లు ఓడరేవునే నమ్ముకోండి. ఇక్కడ బీచ్ కంటే పడవలు ముఖ్యం. ఫైబర్ బోట్లు ఒడ్డెక్కగానే చేపలు ఇసుకలోనే కుప్పలు పోసి వేలం పాట పెడతారు. ఒకామె చుట్టూ పది మంది మూగారు. ఆమె ధర చెప్పేది నోటితో కాదు, దాదాపు కనుబొమలతో. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, అడుగున రెండు చందువలు. మేం వంజరం అడిగితే "లేదు బాబూ, ఇయ్యాల వేట అంతంతమాత్రం, పీతలు తీసుకుపోండి" అంది. బేరమాడాం. ఆమె తగ్గలేదు, మేమూ పట్టుబట్టలేదు. పక్కనే రేకుల షెడ్డులో వండి పెట్టేవాళ్లుంటారు. కిలోకి ఇంత అని వంట కూలి తీసుకుంటారు. నూనె, కారం వాళ్లవే. పీతల పులుసు బాగా కుదిరింది. చందువ వేపుడులో మాత్రం మసాలా ఎక్కువై చేప రుచి తెలియలేదు. చెరువు కొర్రమట్టతో పెరిగిన నాలుకలకు సముద్రపు చేప వాసన మొదట కాస్త ఇబ్బందే. రెండో ముద్దకు సర్దుకుంది. రిసార్టుల్లో ఇదే భోజనానికి రెట్టింపు బిల్లు వేస్తారు, చేప ఐస్‌పెట్టెలోంచి వస్తుంది.

ఆ రాత్రి రామాపురంలో ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఆన్‌లైన్ ఫొటోల్లో కిటికీలోంచి సముద్రం కనిపించింది. మా గది కిటికీ జనరేటర్ వైపు తెరుచుకుంది. అడిగితే "ఆ ఫొటో పై అంతస్తుది సార్" అన్నారు. కుళాయి నీళ్లు ఉప్పు. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు. డీజే పదింటికి ఆపుతామన్నారు. పన్నెండు దాటినా ఆగలేదు. ఈత కొలను బాగుంది, పిల్లలున్న కుటుంబాలు దాన్ని చూసే వస్తున్నట్టున్నాయి. సముద్రం కోసం వెళ్లినవాళ్లకు ఆ డబ్బు దండగ. ఇంకో సంగతి, రామాపురంలో ఒడ్డు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది కానీ కాళ్ల కింద ఇసుక కోసుకుపోయి గుంటలు పడుతుంటాయి, నీళ్లు లోపలికి లాగుతాయి. ఈ తీరంలో మునిగి చనిపోయినవాళ్లలో సెలవులకు వచ్చిన కుర్రాళ్లే ఎక్కువ. అలాంటి ఘటనలు జరిగినప్పుడు పోలీసులు బీచ్ మూసేస్తారు. బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నడుము లోతు దాటి పోవద్దని గార్డులు విజిల్ వేస్తే వినండి. చెరువులో ఈత వచ్చు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

తెల్లారాక ఆ ఉప్పు కుళాయిని తిట్టుకుంటూ ఊరి వైపు నడిచాం. రిసార్టు గోడ దాటిన కాసేపటికే ఇసుక నేలలో ఆకుకూరల మళ్లు, వేరుశనగ. మధ్యలో ఏటవాలుగా తవ్విన గుంట, అడుగున తేట నీళ్లు. దాన్ని దొరువు అంటారు. ఒక రైతు రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని గుంటలోకి దిగి, ముంచుకుని పైకి వచ్చి, నడుస్తూనే మళ్ల మీద జల్లుతున్నాడు. సముద్రం కూతవేటు దూరం. మావాడు దోసిట్లో పట్టి తాగి చూశాడు, తియ్యటి నీళ్లు. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పు నీటి మీద తేలికగా నిలుస్తుంది. పైపైన తోడుకుంటే తీపి, బోరు వేసి లోతు నుంచి లాగితే ఉప్పు. ఆ రిసార్టువాళ్లు లోతుగా బోరు వేసుకున్నట్టున్నారు. "మోటార్లు పెట్టినోళ్ల దొరువులు ఉప్పెక్కినయ్యండీ, నేను కుండలతోనే" అన్నాడాయన.

అక్కడి నుంచి చినగంజాం వైపు వెళ్లాం. రోడ్డు పక్కన ఉప్పు మళ్లు, ఎండకు కళ్లు చెదిరే తెల్లటి కుప్పలు. మోటుపల్లి ఊరు చిన్నది. బోర్డు చూసి కాక, అడిగి వెళ్లాల్సిన చోటు. వీరభద్రస్వామి గుడి ముందు మండపంలో ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో వేయించిన శాసనం. అభయశాసనం అని స్కూల్లో చదివినదే. ఒక మార్కు ప్రశ్న. రాయి ముందు నిలబడితేనే అందులో ఏముందో ఆలోచించాం.

తుఫానుకు ఓడ దారి తప్పి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాక్కునేవారు. ఆ కాలపు తీరాల్లో అదే ఆనవాయితీ. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చిన వర్తకుల సొమ్ము మేం ముట్టం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు రాయించాడు. ఎగుమతికీ దిగుమతికీ ముప్పైలో ఒక వంతు. ఆపైన గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు అంటూ సరుకుల పట్టిక. దయ అని రాశాడు కానీ లెక్క తెలిసిన దయ. నమ్మకం కుదిరితే ఓడలు వస్తాయి, ఓడలు వస్తే ఓరుగల్లుకు గుర్రాలు వస్తాయి. మా మిర్చి వ్యాపారికి ఇది ఠక్కున అర్థమైంది. "మార్కెట్ ఫీజు ఫిక్స్ చేసి, బయట వసూళ్లు బంద్ పెట్టిండన్నట్టు" అన్నాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కో పోలో ముత్ఫిలి అని రాసుకున్నది ఈ రేవు పేరునే. ఇక్కడ ఒక రాణి ఏలుబడి అని, వజ్రాలని, సాలెగూడంత పలచటి బట్టలని చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు చరిత్రకారులు.

రేవు ఆనవాళ్లేమీ లేవు. సముద్రం గుడికి కాస్త దూరంలో ఉంది. అక్షరాలు కొన్నిచోట్ల అరిగాయి. చదవడానికి వీలుగా శాసన పాఠం తేట తెలుగులో రాసిన పలక ఒకటి ఉంటే బాగుండేది. వరంగల్ కోటలో టికెట్ కొని కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగే మనకు, ఆ కోటకు డబ్బు నడిచి వచ్చిన గుమ్మం ఇక్కడుందని చెప్పేవాళ్లు లేరు. ఈ ట్రిప్పులో ఒక్కచోటే చూడాలంటే మోటుపల్లే చూడమంటాను. టీ కొట్టు కూడా దగ్గర్లో లేదు, నీళ్ల సీసాలు తీసుకెళ్లండి.

తుఫాను మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అది తీరం వాళ్ల బాధ అని మేం అనుకునే రోజులు పోయాయి. 2025 అక్టోబరులో మోంథా ఆంధ్రాలో తీరం దాటిన మర్నాడే హనుమకొండలో, వరంగల్‌లో కాలనీలు మునిగాయి. ఆ గుడి అరుగు మీద కూర్చున్న పెద్దాయనతో ఇదే చెప్తే, ఆయన 1977 నవంబరు ఉప్పెన రాత్రి సంగతి మొదలుపెట్టాడు. అప్పుడు దివిసీమ ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఒక గంట కదల్లేకపోయాం.

తిరుగు దారిలో వేటపాలెం. ఇక్కడి సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కట్టలు చూడాలంటే పూట కావాలి, మాకు అంత సమయం లేదు. జీడిపప్పు మాత్రం కొన్నాం. షాపులో కంటే కాల్చి ఒలిచే ఇళ్ల దగ్గర చవక, రుచి చూసి తీసుకోవచ్చు. గుండ్లకూ ముక్కకూ ధరలో చాలా తేడా. పాయసానికి ముక్క చాలు.

ఆఖర్న కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి చూద్దామని రేపల్లె వైపు తిరిగి, పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటాం. వంతెన మీది నుంచి నది వెడల్పు చూడదగ్గదే. కానీ సంగమం దాకా చివరి దారి ఇసుక, ఆటుపోట్లను బట్టి బండి పోతుంది లేదా దిగబడుతుంది. మేం చేరేసరికి పోటు మీదుంది, అటవీ శాఖ గేటు దగ్గరే ఆపేశారు. ఆపడం న్యాయమే, ముందు రోజు దిగబడిన కారు ఒకటి ఇంకా అక్కడే ఉంది. అటు పోవాలంటే దానికే ఒక రోజు ఉంచుకుని పొద్దున్నే వెళ్లండి, సొంత కారు ఇసుకలోకి దించకండి. రోజు లేకపోతే వేటపాలెం నుంచి గుంటూరు దారి పట్టడమే మేలు. మేం అవనిగడ్డ కరకట్ట మీద చీకట్లో విజయవాడ చేరడానికి పట్టిన సమయంలో మామూలు దారిలో ఖమ్మం దాటి ఉండేవాళ్లం.