అన్నా అండ్ ది ఫ్రెంచ్ కిస్: ఎనిమిదేళ్లలో నాలుగుసార్లు చదివాక

స్టెఫనీ పెర్కిన్స్ 2010లో వెలువరించిన ఈ నవలను నేను మొదటిసారి 2016లో చదివాను. కర్నూలు నుంచి ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, మల్లేశ్వరంలో ఒక పీజీలో చేరిన కొత్తలో చర్చ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల దుకాణంలో కొన్న ప్రతి అది. ఇప్పుడు దాని అట్ట మూలలు నలిగిపోయాయి, జిగురు వదిలి నడుమ రెండు కాగితాలు ఊడివస్తున్నాయి, అయినా దాన్ని ఎవరికీ ఇచ్చెయ్యాలనిపించలేదు.

కథ చాలా తేలికైనది. కన్నీటి నవలలు రాసి పేరూ డబ్బూ గడించిన తండ్రి, అట్లాంటాలో ఉన్న కూతురు అన్నాను ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా పాఠశాల చివరి సంవత్సరం కోసం పారిస్‌లోని ఒక అమెరికన్ బోర్డింగ్ స్కూలులో చేర్పిస్తాడు. ఆ అమ్మాయికి ఫ్రెంచి రాదు. అక్కడ పరిచయమైన ఎటియెన్ సెయింట్ క్లేర్ తండ్రి ఫ్రెంచివాడు, తల్లి అమెరికన్, అతను పెరిగింది లండన్‌లో. అందగాడే గానీ పొట్టివాడు, ఎత్తులంటే భయం, పైగా అప్పటికే అతనికొక ప్రియురాలు ఉంది. వీళ్లిద్దరూ చివరికి ఏమవుతారో ఎవరైనా మొదట్లోనే ఊహించగలరు.

నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం ఆ ప్రేమ కాదు, భోజనశాల. అక్కడ వంటకాల పేర్లు అర్థంకాక, నోరు తెరిచి అడగడానికి ధైర్యం చాలక, అన్నా తొలి రోజుల్లో రొట్టెతో, పండ్లతో సరిపెట్టుకుంటుంది. పారిస్ నగరం గోడ అవతలే ఉన్నా ఒంటరిగా గడప దాటదు. ఆ పుటలు చదివేనాటికి నేను కూడా సంపిగె రోడ్డులోని దర్శిని, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్ ముందు నిలబడి, ‘ఒందు ప్లేట్ ఇడ్లీ కొడి’ అనే నాలుగు మాటలను మనసులో పదిసార్లు వల్లెవేసుకుని, వంతు వచ్చేసరికి వేలితో చూపించి ఊరుకుంటున్నదాన్ని. బెంగళూరులో తెలుగుతో బతికెయ్యవచ్చునని అందరూ చెప్పారు, అది నిజమే కూడా. కానీ ఒక ఊరిలో బతకడానికీ ఆ ఊరిని మన ఊరు అనుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత హాయిగా, ఎక్కడా బరువెక్కకుండా చెప్పిన పుస్తకం నాకు అంతకుముందు దొరకలేదు.

అన్నా మెల్లగా బయటపడే తీరు నాకెంతో ఇష్టం. నోత్రదామ్ చర్చి ముందు నేలలో అమర్చిన పాయింట్ జీరో అనే నక్షత్రం దగ్గరికి ఎటియెన్ ఆమెను తీసుకెళ్తాడు. ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి ఊళ్లకు దూరాలను కొలిచేది అక్కడి నుంచే కాబట్టి, ఆ కథకు అంతకంటే తగిన చోటు ఉండదు. సినిమా విమర్శకురాలు కావాలని కలలుగనే ఆ అమ్మాయికి పారిస్ నిండా సినిమా హాళ్లున్నాయని ఆలస్యంగా తెలియడం, అప్పటినుంచి ఆ వీధులు తనవి కావడం కూడా అంతే చక్కగా అమరాయి. అన్నా స్వయంగా, వర్తమాన కాలంలో చెప్పుకుపోవడంవల్ల ఆమె తికమకలన్నీ మన కళ్ల ముందే జరుగుతున్నట్టుంటాయి.

రెండోసారి చదివింది 2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ కాలిపోయిన వారంలో. మంటల్లో పైకప్పు, శిఖరం కూలినా, కథ చివర ఒక ముఖ్య ఘట్టానికి వేదికైన గంటల గోపురాలు నిలిచాయని తెలిసి నిజంగా ఊరట పొందాను. మూడోసారి 2020లో, లాక్‌డౌన్‌కు కర్నూలు వెళ్లినప్పుడు. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్లిన అన్నాకు సొంత ఇల్లే కొత్తగా తోచే భాగం అప్పుడే పూర్తిగా అర్థమైంది, ఎందుకంటే అమ్మ చేతి వంట తింటూ కూడా నేను మల్లేశ్వరం పూల అంగళ్లను తలచుకుంటున్నాను.

లోపాలు లేకపోలేదు. ఒక అమ్మాయితో తెగతెంపులు చేసుకోకుండానే మరొకరికి దగ్గరవుతూ ఎటియెన్ సాగదీసే తీరు మొదట్లో ముద్దుగా అనిపించినా, వయసు పెరిగేకొద్దీ నాకు కోపం తెప్పిస్తోంది. తండ్రి పాత్ర వెక్కిరింతకు తప్ప మరిదేనికీ ఉపయోగపడదు. స్నేహబృందంలోని రష్మికి మరికొంత చోటిచ్చి ఉంటే బాగుండేది. అయితే ఎటియెన్ తల్లి జబ్బు విషయం వచ్చిన చోట రచయిత్రి హాస్యాన్ని పక్కన పెట్టి, ఆ కుర్రవాడి భయాన్ని శ్రద్ధగా రాసింది, ఆ భాగం నాలుగోసారి కూడా నన్ను కదిలించింది.

ఆ నాలుగోసారి 2024లో, బెంగళూరులో డిగ్రీలో చేరిన మా పిన్ని కూతురితో కలిసి చదివాను. ఇదే వరుసలో 2011లో వచ్చిన ‘లోలా అండ్ ది బాయ్ నెక్స్ట్ డోర్’ శాన్ ఫ్రాన్సిస్కోలో జరుగుతుందనీ, 2014 నాటి ‘ఇస్లా అండ్ ది హ్యాపీలీ ఎవర్ ఆఫ్టర్’ మళ్లీ ఆ పారిస్ స్కూలుకే తీసుకెళ్తుందనీ చెప్పగానే, ‘అక్కా, పారిస్‌ది ముందు ఇవ్వు’ అంది. అది చదువుతూనే పక్కన ఒక కాగితం మీద, రేపు క్యాంటీన్‌లో అడగాల్సినవన్నీ కన్నడంలో రాసిపెట్టుకుంటోంది.