ఐసోప్రొపైల్ మిరిస్టేట్: ఒంటికి సరే, ముఖానికి వద్దు

చలికాలం పొద్దున హన్మకొండ, కాజీపేట ఇళ్లలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డ కడుతుంది. దాని పక్కనే పెట్టిన, లోషన్లలో కలిపే ఐసోప్రొపైల్ మిరిస్టేట్ అనే ద్రవం మాత్రం నీళ్లలా జారుతూనే ఉంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర బిగుసుకుంటుంది. ఇది గట్టిపడాలంటే 5 డిగ్రీల దాకా దిగాలి. కొబ్బరి, పామ్ కెర్నెల్ నూనెల్లోంచి తీసిన మిరిస్టిక్ ఆమ్లాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కలిపి దీన్ని ఫ్యాక్టరీలో చేస్తారు. రంగుండదు, వాసన దాదాపు ఉండదు. లోషన్లు చేసేవాళ్లు ఐపీఎం అంటారు.

ఏళ్లుగా లోషన్లలో, మడమల బామ్‌లో వాడిన మీదట దీనికి ఇచ్చే పెద్ద మార్కు జిడ్డు తగ్గించడానికే. ఉత్త నువ్వుల నూనె గానీ పల్లినూనె గానీ ఒంటికి రాస్తే దుమ్ము అంటుకుంటుంది, బట్టలకు మరక పడుతుంది. అదే 80 గ్రాముల నువ్వుల నూనెలో 20 గ్రాముల ఐపీఎం కలిపితే పలచగా పాకుతుంది, తక్కువ నూనెతోనే ఒళ్లంతా సరిపోతుంది. అయితే ఇది చర్మంలో తడిని బంధించి ఉంచదు. ఆ పని పెట్రోలియం జెల్లీది. అందుకే స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే రాయాలి. పొడిబారి తెల్లగా పొలుసులు లేచిన పిక్కల మీద ఉత్త ఐపీఎం రాస్తే కాసేపు నున్నగా కనిపిస్తాయి, సాయంత్రానికి మళ్లీ మామూలే.

100 గ్రాముల చలికాలం లోషన్‌కు బాగా కుదిరిన కొలతలివి: డిస్టిల్డ్ వాటర్ 76, గ్లిజరిన్ 5, ఐపీఎం 6, నువ్వుల నూనె 5, సెటైల్ ఆల్కహాల్ 2, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనెను, నీళ్లను విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫైయర్) 5, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1. గ్లిజరిన్‌ను నీళ్లతో పాటే వేయాలి, ఎందుకంటే ఐపీఎంలో అది కరగదు. నీళ్ల గిన్నెను, నూనె గిన్నెను వేర్వేరుగా వేడినీళ్లలో పెట్టి రెండింటినీ 70–75 డిగ్రీలకు తేవాలి. నూనెను నీళ్లలో పోస్తూ హ్యాండ్ బ్లెండర్ ఆడించాలి. తర్వాత చల్లారేదాకా గరిటెతో నెమ్మదిగా కలుపుతూ ఉండాలి. 40 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్ వేసి, పీహెచ్ (ఆమ్ల గుణం కొలత) 5.5 దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు ఎమల్షన్‌ను, అంటే నూనె, నీళ్ల కలయికను చెడగొడతాయి.

అన్నీ తూకంతోనే తీసుకోవాలి. 100 మిల్లీలీటర్ల ఐపీఎం 85 గ్రాములే తూగుతుంది. కొలగ్లాసుతో పోసి గ్రాములని రాసుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది.

ఎక్కువ వేస్తే ఇంకా మృదువుగా వస్తుందనుకుని 15 శాతం దాకా పోసేవాళ్లున్నారు. ఎమల్సిఫైయర్ పెంచకుండా అలా చేస్తే లోషన్ పలచబడుతుంది, కొన్నాళ్లకు పైన నూనె తేలుతుంది. నీళ్ల కంటే ఇది బాగా తేలిక, పైగా పలచబడిన లోషన్‌లో చుక్కలు త్వరగా పైకి చేరతాయి. క్రీముల్లో, లోషన్లలో 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే చాలు.

మడమల పగుళ్లకు నువ్వుల నూనె 40, పెట్రోలియం జెల్లీ 30, తేనెమైనం 20, ఐపీఎం 10 గ్రాములు కరిగించి డబ్బాల్లో పోస్తే వేలికి చక్కగా వస్తుంది. ఎండాకాలం మన దగ్గర 42, 43 డిగ్రీలు దాటుతుంది, ఈ కొలతతో డబ్బాలో మెత్తబడి కారుతుంది. అప్పుడు ఐపీఎం 5కు తగ్గించి మైనం 25కు పెంచాలి. ఖర్చు తగ్గుతుందని తేనెమైనం బదులు కొవ్వొత్తుల పారఫిన్ మైనం వేయకండి. ఐపీఎంతో అది పొసగదు. చల్లారాక వేలితో తీస్తే ఉప్మారవ్వలా పలుకులు పలుకులుగా తగులుతుంది, మళ్లీ కరిగించి పోసినా అంతే.

చాలామందికి తెలియని వాడకం ఇంకొకటుంది. స్టిక్కర్ బొట్టు తీశాక నుదుటి మీద మిగిలే జిగురు సబ్బుకు పోదు, గోకితే చర్మం ఎర్రబడుతుంది. దూది మీద రెండు చుక్కల ఐపీఎం వేసి అర నిమిషం ఆనించి తుడిస్తే జిగురు మెత్తబడి వచ్చేస్తుంది. వెంటనే ఫేస్‌వాష్‌తో కడిగేయాలి.

కడగమనేది ఊరికే కాదు. కుందేలు చెవి మీద చేసిన పాత పరీక్షల్లో, రంధ్రాలు మూసే గుణానికి 0 నుంచి 5 దాకా వేసిన మార్కుల్లో దీనికి 5 పడింది. కుందేలు చెవి మన చర్మం కంటే సున్నితం, ఆ అంకె మనుషులకు అచ్చంగా వర్తించదు. అయినా మొటిమలు వచ్చే ముఖానికి, వీపుకు దీన్ని రాయమని చెప్పలేను. శోభి మచ్చలున్న చోట కూడా వద్దు. ఆ మచ్చలకు కారణమైన మలసీజియా ఫంగస్ ఇలాంటి కొవ్వు ఎస్టర్ల (కొవ్వు ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే వచ్చే పదార్థాల) మీద బతుకుతుంది.

దీనికంటే గట్టిగా చెప్పాల్సింది మరొకటి. ఐపీఎం తనతో ఉన్న పదార్థాన్ని చర్మం లోపలికి ఎక్కువగా దిగనిస్తుంది. మందుల తయారీలో దీన్ని వాడేది అందుకే. డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీమును పలచన చేద్దామని ఇందులో కలిపితే మందు మోతాదు మన చేయి దాటుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల పని చేసేవాళ్లు, ఇంట్లో కారం పట్టించేవాళ్లు పనికి ముందు ఈ లోషన్ చేతులకు రాయొద్దు. మిర్చి ఘాటు నూనెలో కరిగేదే, మంట ఇంకా లోపలికి పోతుంది. పని ముగించి, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే రాసుకోవాలి.

కొనేటప్పుడు కాస్మెటిక్ గ్రేడ్ అడిగి, బ్యాచ్ సర్టిఫికెట్ చూడండి: యాసిడ్ వాల్యూ 1 లోపు, సపోనిఫికేషన్ వాల్యూ 202–212 మధ్య, అయోడిన్ వాల్యూ 1 లోపు ఉండాలి. అయోడిన్ వాల్యూ ఇంత తక్కువంటే గాలికి చెడే గుణం తక్కువన్నట్టు. లోషన్‌లో ముక్కిన వాసన వస్తే ముందు నువ్వుల నూనెనే అనుమానించాలి. గాజు సీసాలో, బిగుతు మూతతో దాచాలి. డ్రాపర్ సీసా పనికిరాదు, దాని రబ్బరు బుడ్డ ఉబ్బి మెత్తబడి వేలికి అతుక్కుంటుంది. లేటెక్స్ గ్లవ్స్‌దీ ఇదే గతి కాబట్టి కలిపేటప్పుడు నైట్రైల్‌వి తొడుక్కోండి.